చెట్టుకు అవసరం, మనకు తుమ్ము



భూర్జపత్రం అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. కాగితం వాడుకలోకి రాకముందు కాశ్మీరంలోను, హిమాలయాల దాపున ఉన్న ఊళ్లలోను ఆ చెట్టు బెరడు మీదే గ్రంథాలు రాసుకునేవారు. ఆ భూర్జ వృక్షానికి దగ్గరి చుట్టం ఒకటి ఉత్తర యూరప్ అంతటా పెరుగుతుంది. తెల్లటి బెరడు, సన్నటి కొమ్మలు, చిన్న చిన్న ఆకులు. బర్చ్ అంటారు దాన్ని. స్వీడన్‌లో, ఫిన్లాండ్‌లో, జర్మనీలో వసంతం రాగానే ఈ చెట్టు కొమ్మలకు వేలాడే పూగుత్తులు విచ్చుకుంటాయి. రంగు లేదు, వాసన లేదు, తేనె లేదు. తేనెటీగను పిలవాల్సిన పని దానికి లేదు. గాలి వీస్తే చాలు, పసుపుపచ్చని పొడి మేఘంలా లేచిపోతుంది. ఆ పొడిలో ఉన్న ఒకే ఒక ప్రొటీన్ అక్కడ లక్షల మందికి ప్రతి ఏటా తుమ్ములు, కళ్ల దురద, ఆయాసం తెచ్చిపెడుతోంది.

ఇవాళ ఆ ప్రొటీన్ గురించి, దాని చుట్టపక్కాల గురించి, మన రోడ్ల పక్కన పూసే చెట్ల గురించి మాట్లాడుకుందాం. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మనకు పడనిది చెట్టు కాదు. పుప్పొడి మొత్తమూ కాదు. ఆ రేణువులో ఉండే వందలాది ప్రొటీన్లలో ఏ ఒకటో రెండో మాత్రమే. ఆ ఒకటి ఏదో తెలుసుకుంటే మందు సరిగ్గా కుదురుతుంది, లేనిపోని భయం పోతుంది, రేపు మన వీధిలో ఏ మొక్క నాటాలో కూడా తెలుస్తుంది.

పుప్పొడి వల్ల జబ్బు చేస్తుందని మనిషికి తెలిసి రెండు వందల ఏళ్లు కూడా కాలేదు. అంతకు ముందే, 1819లో లండన్‌లో జాన్ బోస్టాక్ అనే వైద్యుడు తన జబ్బు గురించి తానే వైద్యుల సభలో చదివి వినిపించాడు. ఏటా వేసవి మొదట్లో కళ్లు ఎర్రబడతాయి, ముక్కు కారుతుంది, ఊపిరి బిగుస్తుంది అన్నాడు. కారణం మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. జనం ఎండుగడ్డి వాసన వల్ల వస్తుందనుకుని గడ్డి జ్వరం అని పేరు పెట్టారు. అందులో జ్వరమూ లేదు, తప్పు ఎండుగడ్డిదీ కాదు.

కారణాన్ని పట్టుకున్నది మాంచెస్టర్‌లో ఉన్న చార్లెస్ బ్లాక్లీ. ఆయనకూ ఇదే బాధ. పుప్పొడిని తన ముక్కులోనే పెట్టుకుని చూశాడు. చర్మం మీద కాస్త గీరి, అక్కడ పుప్పొడి అద్ది చూశాడు. అద్దిన చోట దద్దు లేచింది. అంతటితో ఆగలేదు. జిగురు పూసిన గాజు పలకలను గాలిపటాలకు కట్టి పైకి ఎగరేశాడు. నేల మీదే కాదు, అంత ఎత్తున కూడా పుప్పొడి రేణువులు ఎగురుతున్నాయని తేల్చాడు. 1873లో పుస్తకం అచ్చు వేశాడు. ఈ రోజుకీ అలర్జీ వైద్యులు చేతి మీద చేసే పరీక్షకు మూలం ఆయన చర్మం మీద లేచిన ఆ దద్దే.

ఇప్పుడు ఆ రేణువును కాస్త దగ్గరగా చూద్దాం. బర్చ్ పుప్పొడి రేణువు అడ్డుకొలత ఇరవై మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ. అంటే అలాంటివి యాభై పక్కపక్కన పేర్చితే ఒక మిల్లీమీటరు. మైక్రోస్కోపు కింద పెడితే మూడు వైపులా మూడు రంధ్రాలు కనిపిస్తాయి. పైపొర మహా గట్టిది. ఆమ్లాలకు ఒక పట్టాన లొంగదు. లక్షల ఏళ్ల నాటి పుప్పొడి సరస్సుల అడుగు బురదలో ఇప్పటికీ చెక్కుచెదరకుండా దొరుకుతోందంటే ఆ పొర చలవే. పొడిగా ఉన్నంతసేపు రేణువు ముడుచుకుని నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఒక్క నీటి చుక్క తగలనివ్వండి. రేణువు ఉబ్బుతుంది. రంధ్రాల్లోంచి లోపలి ప్రొటీన్లు నిమిషాల్లో బయటికి వచ్చేస్తాయి.

చెట్టు దృష్టిలో ఆ తడి ఆడపువ్వు కీలాగ్రం మీద ఉండే తడి. అక్కడ వాలగానే రేణువు మేల్కోవాలి, సన్నటి గొట్టం మొలిపించాలి, ఆ గొట్టం అండం దాకా దారి చేసుకుంటూ పోవాలి. అందుకు కావలసిన ప్రొటీన్లన్నీ రేణువు ముందే సిద్ధం చేసుకుని వస్తుంది. కాని గాలిలో లేచిన కోటానుకోట్ల రేణువుల్లో పువ్వును చేరేవి చాలా కొద్ది. కొన్ని మన ముక్కులోకి వస్తాయి. అక్కడా తడే. రేణువుకు తేడా తెలియదు. కీలాగ్రం మీద చేయాల్సిన పనే మన ముక్కు పొర మీద మొదలుపెడుతుంది.

ఈ ప్రొటీన్లలో అందరికన్నా పేరుపడ్డది బెట్ వి 1. బర్చ్ చెట్టు శాస్త్రీయ నామంలోని అక్షరాలు తీసుకుని, మొదట గుర్తించిన ప్రొటీన్ కనుక ఒకటో నంబరు వేసి ఆ పేరు పెట్టారు. ప్రపంచమంతటా అలర్జీ ప్రొటీన్లకు ఇదే పద్ధతిలో పేర్లు పెడతారు. 1989లో ఆస్ట్రియా శాస్త్రవేత్తలు దీని జన్యువును విడదీసి చదివారు. చెట్ల పుప్పొడి ప్రొటీన్లలో అలా జన్యువు దాకా వెళ్లి చదవగలిగిన మొదటిది ఇదే. ఇందులో ఉన్నవి 159 అమైనో ఆమ్లాలు. బర్చ్ పుప్పొడి పడనివాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఈ ప్రొటీన్ మీద తిరగబడతారు.

చెట్టుకు ఇది ఎందుకు? బెట్ వి 1 పుట్టిన వంశం మొక్కల ఆత్మరక్షణకు సంబంధించినది. ఆకుకు గాయమైనా, బూజు పట్టినా, మొక్కలు ఈ వంశపు ప్రొటీన్లను తయారుచేసుకుంటాయి. దీని ఆకారాన్ని 1996లో ఎక్స్‌రేలతో తేల్చారు. మధ్యలో పెద్ద బోలు ఉంది. నూనెలాంటి చిన్న అణువులను అందులో ఇముడ్చుకోగలదు. అంటే మొక్కకు ఇది ఒక రక్షణ సామగ్రి. మనల్ని బాధపెట్టే ఉద్దేశం దానికేమీ లేదు.

మిగతా చెట్ల కథా ఇంతే. జపాన్‌లో సుగి అనే దేవదారు లాంటి చెట్టు ఉంది. దాని పుప్పొడిలో క్రై జె 1 అనే ప్రొటీన్ మొక్క కణాల గోడల్లో ఉండే పెక్టిన్‌ను కరిగించే ఎంజైము. పుప్పొడి గొట్టానికి దారి ఇచ్చే పని దానిది. స్పెయిన్, ఇటలీ ఊళ్లలో ఆలివ్ తోటల పుప్పొడిలో ఓలె ఇ 1 ముఖ్యమైనది. ఇవి కాక ప్రొఫిలిన్ అనే ప్రొటీన్ ఉంది. కణం లోపలి చట్రాన్ని సర్దే పని చేస్తుంది. అది ప్రతి మొక్కలోనూ ఉంటుంది, చివరికి మనలోనూ దాని రూపం ఒకటి ఉంది. వియన్నా పరిశోధకులు 2006లో లెక్క చూశారు. అప్పటికి వర్గీకరించిన ప్రొటీన్ కుటుంబాలు 7,868. పుప్పొడి అలర్జీ తెచ్చే ప్రొటీన్లు అందులో 29 కుటుంబాలకు మాత్రమే చెందాయి. ప్రకృతిలో ప్రొటీన్లకు కొదవ లేదు. మనతో పేచీ పెట్టుకునేవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టదగిన వంశాలే.

మరి ఒకరికి తుమ్ములు వచ్చి పక్కన నిలబడ్డవాళ్లకు ఏమీ కాదెందుకు? ఇద్దరూ పీల్చింది ఒకే గాలి కదా. తేడా ఒంట్లో ఉంది. అలర్జీ పడే మనిషి శరీరం ఏదో ఒక సీజనులో ఆ ప్రొటీన్‌ను పొరపాటున శత్రువుగా లెక్కగడుతుంది. దాన్ని గుర్తుపట్టడానికి ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేస్తుంది. అవి ముక్కు పొరలో, కంటి పొరలో, ఊపిరి గొట్టాల్లో ఉండే మాస్ట్ కణాల మీదికి ఎక్కి కూర్చుంటాయి. మొదటిసారి మనిషికి ఏమీ తెలియదు. ఆ తరవాత ఎప్పుడో అదే ప్రొటీన్ మళ్లీ వచ్చి పక్కపక్కన ఉన్న రెండు ఐజీఈలకు ఒకేసారి తగులుకుంటే, మాస్ట్ కణం తన దగ్గరున్న హిస్టమిన్‌ను ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. నిమిషాల్లో దురద, నీరు, వాపు, తుమ్ముల మీద తుమ్ములు.

ఈ గుట్టు రక్తంలో ఉందని మొదట చూపించిన ప్రయోగం వినదగ్గది. 1921లో జర్మనీలో ప్రౌస్నిట్జ్, క్యూస్ట్నర్ అని ఇద్దరు వైద్యులు. క్యూస్ట్నర్‌కు చేప పడదు. ఆయన రక్తంలోని సీరాన్ని తీసి, చేప పడే ప్రౌస్నిట్జ్ చర్మంలోకి ఎక్కించారు. మర్నాడు అదే చోట చేప సారం ఎక్కించేసరికి దద్దు లేచింది. అంటే ఒకరి అలర్జీ సీరం ద్వారా ఇంకొకరి చర్మానికి పాకిందన్నమాట. ఆ పదార్థం ఏమిటో తెలియడానికి మరో నలభై అయిదేళ్లు పట్టింది. అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ వేరువేరుగా పనిచేసి ఒకే చోటికి చేరారు. 1968లో దానికి ఐజీఈ అని పేరు స్థిరపడింది.

ఇక్కడ అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న మన పిల్లలకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. వెళ్లిన ఏడాది ఏమీ ఉండదు. రెండు మూడు వసంతాలు గడిచాక ఉన్నట్టుండి ముక్కు, కళ్లు మొదలవుతాయి. నేల పడలేదు, నీళ్లు పడలేదు అని ఇక్కడి పెద్దవాళ్లు బెంగపెట్టుకుంటారు. జరిగింది అది కాదు. ఒంటికి ఆ పుప్పొడి కొత్త. దాన్ని చూసి ఐజీఈ తయారుచేసుకోవడానికి కొన్ని సీజన్లు పట్టింది. అమెరికాలో ఓక్ చెట్టు పుప్పొడిలో బెట్ వి 1 వంశపు ప్రొటీనే ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో అయితే నడి చలికాలంలో మౌంటెన్ సీడర్ పూస్తుంది. దాని ముఖ్య ప్రొటీన్ జున్ ఎ 1, ఇందాక చెప్పుకున్న జపాన్ సుగి ప్రొటీన్‌కు దగ్గరి బంధువు. డిసెంబరు, జనవరి నెలల్లో వచ్చే ఆ బాధను చలికి పట్టిన జలుబని పొరబడి కొందరు అక్కరలేని యాంటీబయాటిక్స్ మింగుతారు.

ఇంకో వింత. బర్చ్ పుప్పొడి పడనివాళ్లలో చాలామందికి పచ్చి యాపిల్ కొరికితే పెదవులు, నాలుక, గొంతు దురదపెడతాయి. కొందరికి క్యారెట్, కొందరికి హేజల్ గింజ, సెలెరీ. యాపిల్‌కు, బర్చ్ పుప్పొడికి ఏమిటి సంబంధం? యాపిల్‌లో మాల్ డి 1 అనే ప్రొటీన్ ఉంది. అదీ బెట్ వి 1 వంశమే. అమైనో ఆమ్లాల వరసలో మూడింట రెండు వంతులకు దగ్గరగా రెండూ ఒకటే. అన్నతో తగాదా ఉన్నవాడు ముఖకవళికలు కలిసిన తమ్ముడు వీధిలో కనిపించినా కయ్యానికి దిగినట్టు, బెట్ వి 1 కోసం పుట్టిన ఐజీఈ మాల్ డి 1 మీదా పడుతుంది. అదే యాపిల్‌ను ఉడికిస్తే ఆ ప్రొటీన్ ఆకారం చెదిరిపోతుంది. ఇక ఐజీఈ గుర్తుపట్టలేదు. అందుకే పచ్చి యాపిల్ పడనివాళ్లు కూడా ఉడికించిన యాపిల్‌ను చాలావరకు ఇబ్బంది లేకుండా తినగలుగుతారు. ఒక్క జాగ్రత్త. సోయాలోనూ ఈ వంశపు ప్రొటీన్ ఉంది. బర్చ్ అలర్జీ ఉన్నవాళ్లు కొందరికి సోయా పాలు ఒక్కసారిగా ఎక్కువ తాగితే తీవ్రంగా చేసిన సందర్భాలు వైద్యులు నమోదు చేశారు. నోటి దురదతో ఆగకుండా గొంతు వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

సరే, ప్రొటీన్ ఒక్కటే కారణమా? కాదని చెప్పే చోటు ఒకటి ఉంది. ఫిన్లాండ్, రష్యా దేశాల సరిహద్దులో కరేలియా అనే సీమ. సరిహద్దుకు ఇటూ అటూ అదే వాతావరణం, అవే బర్చ్ చెట్లు, అదే బెట్ వి 1. మనుషులు కూడా వంశం రీత్యా దగ్గరివాళ్లే. అయినా ఫిన్లాండ్ వైపు పిల్లల్లో పుప్పొడి అలర్జీ ఎంతో ఎక్కువ, రష్యా వైపు పల్లెల్లో ఎంతో తక్కువ అని పరిశోధకులు చూశారు. రష్యా వైపు పిల్లలు మట్టితో, పశువులతో, చెరువు నీళ్లతో, వాటిలోని సూక్ష్మజీవులతో కలిసి పెరిగారు. ఒంటికి చిన్నప్పుడే ఏది చుట్టమో ఏది శత్రువో తెలిసివచ్చే అవకాశం అక్కడ ఎక్కువని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఆల్ప్స్ పర్వత ప్రాంతాల్లో పశువుల పాకల దగ్గర పెరిగిన పిల్లల్లోనూ ఇలాంటి తేడాయే కనిపించింది. పిల్లల్ని మట్టి తగలకుండా పెంచడమే శుభ్రత అనుకుంటున్న మన నగరాలు ఈ మాట చెవిన పెట్టాలి.

మనుషులు చేతులారా తెచ్చుకున్న పుప్పొడి కష్టం చూడాలంటే జపాన్ చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అక్కడి కొండలు చాలాచోట్ల బోడిగా ఉన్నాయి. ఇళ్లకు కలప కావాలి. నిటారుగా, తొందరగా పెరుగుతుందని సుగి చెట్టును 1950లలో, 60లలో కొండలకు కొండలే నాటారు. ఆ తరవాత చౌకగా విదేశీ కలప రావడంతో నాటిన చెట్లను కొట్టేవాళ్లు తగ్గిపోయారు. చెట్లు ముదిరాయి. ముదిరిన కొద్దీ పుప్పొడి పెరిగింది. సుగి పుప్పొడి జబ్బును మొదట వైద్యులు రాసింది 1964లో, నిక్కో అనే ఊళ్లో. 2019లో దేశవ్యాప్తంగా సర్వే చేస్తే నూటికి దాదాపు 39 మందికి ఆ జబ్బు ఉందని తేలింది. ఫిబ్రవరి వచ్చిందంటే వాతావరణ వార్తలతో పాటు పుప్పొడి సూచన కూడా చదువుతారు. 1992లో తొయామా ప్రాంతంలో పుప్పొడి పుట్టని సుగి చెట్టు ఒకటి దొరికింది. ఇప్పుడు దాని సంతతిని పెంచి నాటుతున్నారు. ముప్ఫై ఏళ్లలో పుప్పొడిని సగానికి తగ్గించాలని 2023లో ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఒక తరం నాటిన చెట్టుకు మూడు తరాలు తుమ్ముతున్నాయి.

ఇక మన సంగతికి వద్దాం. మన దగ్గర ఇలాంటి కథ సర్కారు తుమ్మది. ఇది మన చెట్టు కాదు, అమెరికా ఖండాలది. 1870లలో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖవారు జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. మెట్టసీమకు వంటచెరకు కావాలి, పచ్చదనం కావాలి. ఆ అవసరం నిజమైనదే. నీళ్లు లేకపోయినా బతికింది, మేకలు కాయలు తిని విత్తనాలు ఊరూరా మోశాయి. ఇవాళ చెరువు గట్లు, రైలు పట్టాల పక్కలు, బీడు భూములు ఎక్కడ చూసినా అదే. వేలెడు పొడవున లేత పసుపు కంకులు పూస్తుంది. ఆ పుప్పొడిలో అలర్జీ తెచ్చే ప్రొటీన్లకు ప్రో జె 1, ప్రో జె 2 అని పేర్లు పెట్టారు. మొదటిది ఆలివ్ ప్రొటీన్ వంశం, రెండోది ప్రొఫిలిన్. పెద్దమాను, సీమ తంగేడు వంటి చెట్ల పుప్పొడితోనూ దీనికి పోలిక ఉందని మన దేశంలోనే జరిగిన పరిశోధనల్లో తేలింది. అంటే ఒకటి పడనివారికి ఇంకొకటీ పడకపోవచ్చు.

నెమలినార చెట్టు ఇంకొకటి. శీతాకాలం వెళ్లేటప్పుడు ఆకు రాల్చి పూస్తుంది. ఉత్తర భారతంలో వసంతకాలపు అలర్జీలకు ఇది పేరుపడ్డ కారణం. కోస్తా పొడుగునా ఉన్న సరుగుడు తోటల పుప్పొడి కూడా గాలికి ఎగిరేదే. చూడడానికి పోలికే లేకపోయినా, వృక్షశాస్త్రంలో సరుగుడు, బర్చ్, ఓక్ ఒకే క్రమానికి చెందుతాయి. తాటి, ఈత, కొబ్బరి జాతుల పుప్పొడి మీద కూడా మన దేశంలో పరిశోధనలు జరిగాయి.

ఒక అపోహ తొలగించుకోవాలి. నిండా ఎర్రగా పూసిన తురాయిని చూసో, ఘాటుగా వాసన వచ్చే పువ్వును చూసో ఇదే కారణం అనుకుంటాం. రంగు, వాసన, తేనె ఉన్న పువ్వులు చాలావరకు పురుగుల కోసం పూసినవి. వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. గాలిలో దూరం పోదు. ఎక్కువ బాధపెట్టేవి మన కంటికి ఆనని పువ్వులు, గాలిని నమ్ముకున్నవి. విశాఖపట్నంలో రోడ్ల పక్కన నాటిన ఏడాకుల పాల చెట్లు అక్టోబరు, నవంబరు నెలల్లో పూస్తే, ఆ ఘాటుకు ఊపిరాడడం లేదని జనం మొరపెట్టుకుంటున్నారు. వాళ్ల బాధ నిజం. కాని వాసన ప్రొటీన్ కాదు. ఘాటైన వాసన ఉబ్బసం ఉన్నవాళ్ల ఊపిరి గొట్టాలను రేపగలదు. ఐజీఈ పుట్టి తెచ్చే అలర్జీ వేరు. రెంటికీ పరీక్ష వేరు, వైద్యం వేరు. ఆ తేడా చూడకుండా చెట్టును నరకడమూ సరికాదు, రోగిని అంతా నీ భ్రమ అనడమూ సరికాదు.

నగర కాలుష్యం దీనికి తోడు. జర్మనీలో శాస్త్రవేత్తలు బెట్ వి 1 ప్రొటీన్‌ను ఓజోను, నైట్రోజన్ డయాక్సైడు కలిసిన గాలికి గురిచేసి చూశారు. బండ్ల పొగ ఉన్న రోడ్డు మీద ఉండేవి అవే వాయువులు. ఆ గాలిలో ప్రొటీన్‌కు నైట్రో గుంపులు అతుక్కుంటాయి. అలా మారిన ప్రొటీన్ మీద శరీరం మరింత గట్టిగా తిరగబడింది. భూమి వేడెక్కడం కూడా కలిసింది. 1990 నుంచి 2018 దాకా ఉత్తర అమెరికా లెక్కలు తీస్తే పుప్పొడి సీజను ఇరవై రోజులు ముందుకు జరిగింది, గాలిలో పుప్పొడి 21 శాతం పెరిగింది.

ఇక మనం చేయదగినవి. ఏటా ఒకే నెలల్లో, జ్వరం లేకుండా, రెండు వారాలకు మించి తుమ్ములు, ముక్కు నీరు, కళ్ల దురద ఉంటే జలుబు అని వదిలేయకండి. పిల్లికూతలు వినిపిస్తే అసలు ఆలస్యం చేయవద్దు. అలర్జీ వైద్యులు చేసే పరీక్ష భయపడాల్సింది కాదు. ముంజేతి మీద వరసగా పుప్పొడి సారాల చుక్కలు వేస్తారు. ఒక్కో చుక్క మీదుగా చిన్న సూదిమొనతో చర్మాన్ని తాకీతాకనట్టు గుచ్చుతారు. రక్తం రాదు. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగితే పడని చోట దోమ కుట్టినట్టు దద్దు లేస్తుంది. దాన్ని స్కేలుతో కొలుస్తారు. మూడు మిల్లీమీటర్లు, అంతకు మించితే లెక్కలోకి తీసుకుంటారు. ఈ పరీక్షకు కొద్ది రోజుల ముందు నుంచి అలర్జీ మాత్రలు ఆపాలి. ఎన్ని రోజులో మీ డాక్టరుగారే చెబుతారు. చర్మపరీక్ష కుదరనివారికి రక్తంలో ఐజీఈ చూస్తారు. ఇప్పుడు పుప్పొడి మొత్తానికి కాక, విడివిడిగా ఒక్కో ప్రొటీన్‌కు ఎంత ఐజీఈ ఉందో చూసే పరీక్షలూ వచ్చాయి. అవే ఈ కథలో అసలు మేలు. ఎందుకంటే పది చెట్లకు దద్దు లేచిన మనిషికి పది అలర్జీలు ఉన్నట్టు కాదు. అన్నింటిలోనూ ఉండే ప్రొఫిలిన్ ఒక్కటే పడకపోయినా అలాగే దద్దులు లేస్తాయి.

వైద్యం మూడు మెట్లు. సీజనులో ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, హిస్టమిన్‌ను అడ్డుకునే మాత్రలు మొదటిది. స్ప్రే పేరు వినగానే బెదరకండి. మోతాదు తక్కువ, పని చేసేది ముక్కులోనే. ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరు రాసిన ఇన్హేలర్ తగ్గింది కదా అని మానకూడదు. రెండో మెట్టు దూరంగా ఉండడం. పుప్పొడి ఎక్కువగా ఎగిరే వేళల్లో కిటికీలు మూయడం, బయటికి వెళ్తే మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోవడం, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చడం. తల వెంట్రుకల్లో చిక్కుకున్న పుప్పొడి రాత్రి దిండు మీదికి చేరుతుంది. మూడోది ఒంటికే నేర్పడం. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా ఎక్కిస్తూ ఈ వైద్యానికి దారి వేశాడు. నేడు ఇంజక్షనుగానో, నాలుక కింద మందుగానో కనీసం మూడేళ్లు ఇస్తారు. ఓపిక కావాలి. మీకు పడని ప్రొటీన్ ఏదో ముందు కచ్చితంగా తెలిస్తేనే ఆ మూడేళ్లకు ఫలితం. ఇది నిపుణుల చేతుల్లోనే జరగాలి.

చివరగా నాటే చేతులకు ఒక మనవి. మొక్కలు నాటే కార్యక్రమాలు మంచివి, ఆగకూడదు. కాని వేగంగా పెరుగుతుంది, పశువు ముట్టదు అనే రెండు గుణాలే చూసి ఒకే జాతిని ఊరంతా నాటితే జపాన్ అనుభవం మన ముంగిటికి వస్తుంది. నర్సరీలో మొక్క ఎంపిక చేసేటప్పుడు ఇంకొక ప్రశ్న కూడా వేసుకోవాలి. దీని పుప్పొడి గాలికి పోతుందా, పురుగుకు పోతుందా? బడుల దగ్గర, ఆసుపత్రుల దగ్గర, బస్టాండ్ల దగ్గర వేప, కానుగ, పొగడ వంటి పురుగులు వాలే చెట్లను కలిపి నాటవచ్చు. ఒకే వీధిలో నాలుగు జాతులుంటే ఏ ఒక్క పుప్పొడీ మోతాదు మించదు. ప్రతి పెద్ద ఊరికీ ఏ నెలలో ఏ పుప్పొడి ఎగురుతుందో చెప్పే పట్టిక కావాలి. మన విశ్వవిద్యాలయాల్లో వృక్షశాస్త్ర విభాగాలు ఉన్నాయి, పక్కనే వైద్య కళాశాలలు ఉన్నాయి. మేడ మీద ఒక పుప్పొడి పట్టే యంత్రం, దాని పలకలను రోజూ చూసే ఒక విద్యార్థి, ఆ లెక్కను రేడియోలో చదివే ఒక్క నిమిషం. ఇంతకన్నా పెద్ద ఖర్చు లేదు. మంచం మీద పిల్లవాడు పిల్లికూతలతో రాత్రంతా కూర్చుని గడిపితే ఆ తల్లికి తెలుసు, ఆ ఒక్క నిమిషం విలువ ఎంతో. ఆ పట్టిక మన ఊరికీ కావాలని మీ కార్పొరేటరును అడగండి, మీ కళాశాలను అడగండి. అడిగేవాళ్లు ఉంటేనే చేసేవాళ్లు ఉంటారు.